మూత్రాశయ క్యాన్సర్ మళ్లీ రాకుండా ఉండాలంటే సిగరెట్ మానితే చాలా? పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

పోయిన నెల మూత్రాశయ క్యాన్సర్ గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆపరేషన్ గురించి కాదు, మందుల గురించీ కాదు, సిగరెట్ గురించే. రాసినవాళ్లలో తాగేవాళ్లకంటే వాళ్ల ఇంట్లోవాళ్లే ఎక్కువ. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: మా వారికి 61 ఏళ్లు. 35 ఏళ్లుగా రోజుకో పెట్టె సిగరెట్లు. మూత్రంలో రక్తం పడితే పరీక్షలు చేసి, మూత్రాశయంలో గడ్డ ఉందని మూత్రనాళం గుండానే లోపలికి వెళ్లి తీసేశారు. కండరం దాకా పోలేదన్నారు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ సిగరెట్ ముట్టుకోలేదు, ఇంటికొచ్చాక మళ్లీ మొదలు. అడిగితే, "పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి, గడ్డ వచ్చింది మూత్రసంచిలో, దానికీ దీనికీ ఏమిటి సంబంధం? ఒకవేళ ఉన్నా, ఇప్పుడు మానడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే" అంటున్నారు. ఆయనకి ఏం చెప్పమంటారు డాక్టర్ గారూ?

అమ్మా, ఆయన మొండిగా అడిగినా అది మంచి ప్రశ్నే. ఏళ్ల తరబడి పొగ తాగేవాళ్లలో కూడా చాలామందికి ఈ సంబంధం తెలియదు, ఊపిరితిత్తులకీ నోటికీ చేటని తెలుసు, గుండెకి మంచిది కాదని తెలుసు, మూత్రాశయం అనేసరికి మాత్రం ఆశ్చర్యపోతారు.

పొగ ఊపిరితిత్తుల దగ్గర ఆగిపోదు, అక్కడి నుంచి రక్తంలోకి దిగుతుంది. అందులో 7,000కు పైగా రసాయనాలుంటే కనీసం 70 దాకా క్యాన్సర్ తెచ్చేవే. వాటిలో మూత్రాశయానికి ప్రత్యేకంగా శత్రువులైన గుంపు ఒకటుంది, ఆరోమాటిక్ అమైన్లు అంటారు. 2-నాఫ్థైలమైన్, 4-అమైనోబైఫినైల్ లాంటివి. వీటిని ఒంట్లోంచి సాగనంపడానికి కాలేయం వాటి రూపం మారుస్తుంది, మూత్రపిండాలు వడకట్టి మూత్రంలోకి తోస్తాయి. ఆ మూత్రం గంటల తరబడి నిలవ ఉండేది మూత్రాశయంలోనే కదా. అంటే పీల్చింది క్షణాల్లో బయటికి వదిలేశామనుకుంటాం గానీ, అందులోని విషం కొంత మూత్రాశయం లోపలి పొరని ఆనుకుని రోజంతా ఉంటుంది, మర్నాడు మళ్లీ కొత్త సరుకు చేరుతుంది. 35 ఏళ్లు ఇలా సాగితే ఆ పొరలోని కణాల డీఎన్ఏ దెబ్బతినడంలో వింతేముంది? ఈ అమైన్లను నిర్వీర్యం చేసే ఎంజైమ్ కొందరిలో పుట్టుకతోనే నెమ్మదిగా పనిచేస్తుంది, ఒకే లెక్కన తాగిన ఇద్దరిలో ఒకరికే జబ్బు రావడానికి అదొక కారణం. ఇంకో సంగతి కూడా చెప్పండి ఆయనకి, ఇది కేవలం సిగరెట్ మీద కోపంతో కట్టిన కథ కాదు. 1895లోనే జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జన్, అద్దకం రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకి మూత్రాశయంలో గడ్డలు వస్తున్నాయని గమనించి బయటపెట్టాడు. ఆ కార్మికులను దెబ్బతీసింది కూడా ఈ జాతి రసాయనాలేనని తర్వాత తేలింది. ఫ్యాక్టరీల్లో 2-నాఫ్థైలమైన్ వాడకాన్ని చాలా దేశాలు ఏనాడో ఆపేశాయి, సిగరెట్ పొగలో మాత్రం ఇప్పటికీ ఉంది.

ఇక తిరగబెట్టడం సంగతి. మూత్రాశయ క్యాన్సర్లలో మొదటిసారి బయటపడేసరికి దాదాపు నాలుగింట మూడొంతులు మీ వారిలాగే కండరం దాకా పోనివి. ఇవి తొందరగా ప్రాణం మీదికి తెచ్చేవి కావు, కానీ మళ్లీ మళ్లీ వస్తాయి. గడ్డ రకాన్ని బట్టి 5 ఏళ్లలో తిరగబెట్టే అవకాశం 100కి 31 నుంచి 78 దాకా ఉంటుందని పాత లెక్కలున్నాయి, ఇంత తేడా ఎందుకంటే గడ్డ ఒకటా నాలుగా, చిన్నదా పెద్దదా, దాని కణాల తీరు నెమ్మదిదా (లో గ్రేడ్) దూకుడుదా (హై గ్రేడ్) అన్నవన్నీ అందులో కలుస్తాయి. ఇంతలా తిరగబెట్టడానికి ఒక కారణం, సర్జన్ తీసింది కంటికి కనబడిన గడ్డని మాత్రమే. పొగలోని రసాయనాలు తడిపింది ఆ ఒక్క చోటునే కాదు, మూత్రాశయం మొత్తాన్ని, పైన మూత్రపిండం నుంచి వచ్చే గొట్టాలను కూడా, ఎందుకంటే వాటన్నిటికీ లోపల ఉన్నది ఒకే రకం పొర. ఒకచోట గడ్డ లేచిందంటే మిగతా పొర కూడా అదే దారిలో కొంత దూరం నడిచి ఉండొచ్చు.

పొగ తాగేవాళ్లకి ఇది ఎక్కువగా తిరగబెడుతుందా అంటే, అవును. చాలా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఎన్నడూ తాగనివాళ్లతో పోలిస్తే తాగుతూనే ఉన్నవాళ్లలో తిరగబెట్టడం సుమారు పావు వంతు ఎక్కువ కనబడింది, మానేసినవాళ్లది ఈ ఇద్దరికీ మధ్య స్థానం. పావు వంతు అంటే ఎలా అర్థం చేసుకోవాలంటే, తాగనివాళ్లు 100 మందిలో 40 మందికి తిరగబెడుతుందనుకుంటే, తాగేవాళ్లలో అది 50 దాకా ఉండొచ్చన్నమాట. ఆ పది మందిలో ఎవరుంటారో ఎవరం చెప్పలేం. 2013లో వచ్చిన ఒక అధ్యయనం 2,000కు పైగా రోగులను చూసింది, అందులో ఎక్కువ ఏళ్లు ఎక్కువగా తాగినవాళ్లకి తిరగబెట్టడమే కాదు, జబ్బు ముదరడం కూడా ఎక్కువే, మానేసి 10 ఏళ్లు దాటినవాళ్లకి ఆ చేటు తగ్గింది.

"ఇప్పుడు మానితే ఏం లాభం" అన్నదానికి నేను కల్లబొల్లి మాటలు చెప్పను. జబ్బు బయటపడ్డాక మానేస్తే తిరగబెట్టడం ఎంత తగ్గుతుందనే విషయంలో అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పడం లేదు, కొన్నిటిలో లాభం కనబడింది, కొన్నిటిలో పెద్ద తేడా లేదు. 35 ఏళ్ల నష్టం మూడు నెలల్లో చెరిగిపోదు, అది మామూలు తెలివికే అందే విషయం. అయినా మానమనే చెబుతాను. తాగుతూ ఉంటే అదే పొర మీద రోజూ కొత్త దెబ్బ పడుతూనే ఉంటుంది. రేపు జబ్బు ముదిరి మూత్రాశయమే తీసేయాల్సి వస్తే, పొగ తాగేవాళ్లకి గాయం మానడం ఆలస్యం, ఆపరేషన్ తర్వాత న్యుమోనియా లాంటి ఊపిరితిత్తుల చిక్కులు ఎక్కువ. ఇక మూత్రాశయ క్యాన్సర్ ఉన్న మనిషి గుండెపోటుతోనో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనో పోవడం అరుదేమీ కాదు, ఆ రెండింటికీ మూలం మళ్లీ ఆ పెట్టెలోనే ఉంది. గుండె విషయంలోనైతే లాభం త్వరగానే మొదలవుతుంది, మానేసిన ఏడాదికల్లా పొగ వల్ల గుండెజబ్బుకి పెరిగిన ముప్పు దాదాపు సగానికి పడిపోతుంది.

చేతులు కాలాయి నిజమే, కానీ మంట ఇంకా ఆరలేదు. ఈ ఒక్క మాట ఆయనకి చెప్పి చూడండి. రోజూ చెప్పకండి, రోజూ చెబితే ఇంట్లో తగాదా పెరుగుతుందే గానీ సిగరెట్ తగ్గదు. తర్వాతిసారి, గొట్టంతో మూత్రాశయం లోపల చూసే స్కోప్‌కి వెళ్లినప్పుడు, ఆ డాక్టర్ ఎదుటే "మానడానికి మందు రాసిస్తారా" అని మీరే అడగండి.

ప్రశ్న: నేను సిగరెట్ మానేసి 12 ఏళ్లయింది. అయినా రెండేళ్ల కిందట మూత్రాశయంలో గడ్డ వచ్చింది, తీశారు, మొన్న మళ్లీ వచ్చింది. మా స్నేహితుడు ఇప్పటికీ గుప్పుగుప్పున వదులుతూనే ఉన్నాడు, వాడికేమీ లేదు. మరి నేను అంత కష్టపడి మానింది ఎందుకు?

మీ కోపం నాకర్థమైంది. ఈ కోపానికి లెక్కలతో జవాబు చెబితే చల్లారదని కూడా తెలుసు, అయినా అడిగారు కాబట్టి చెబుతాను.

2011లో అమెరికాలో నాలుగున్నర లక్షలకు పైగా మందిని పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఎన్నడూ తాగనివాళ్లతో పోలిస్తే, తాగుతూ ఉన్నవాళ్లకి మూత్రాశయ క్యాన్సర్ ముప్పు సుమారు 4 రెట్లు, మానేసినవాళ్లకి 2 రెట్లకు కాస్త పైన. అంటే మానడం వల్ల ముప్పు బాగా తగ్గింది, సున్నా మాత్రం కాలేదు. ఈ క్యాన్సర్ పొగ మొదలుపెట్టిన ఎన్నో ఏళ్లకి, ఒక్కోసారి 20, 30 ఏళ్లకి గానీ బయటపడదు. మీకు రెండేళ్ల కిందట కనబడిన గడ్డకి పునాది మీరు మానకముందే పడి ఉండొచ్చు. మీ స్నేహితుడి అదృష్టం మీ లెక్కలోకి రాదు. ఆయనకి కూడా అది చివరిదాకా ఉంటుందన్న హామీ లేదు, లేకపోవాలని నేనూ కోరుకోను.

ఇంకోమాట. తిరగబెట్టడం అనేది ఈ జబ్బు స్వభావంలోనే ఉంది, ఎన్నడూ సిగరెట్ ముట్టనివాళ్లకి కూడా తిరగబెడుతుంది. మళ్లీ వచ్చిన గడ్డ మొదటిదానిలాగే పైపొరకే పరిమితమై, గ్రేడ్ మారకుండా ఉంటే, మళ్లీ తీసి మందు వేసి ముందుకు పోవడమే. మీరు ఇప్పుడు చూడాల్సింది కొత్త బయాప్సీ రిపోర్టులో గ్రేడ్ పెరిగిందా, లోతు పెరిగిందా అన్నది. పైపొర దాటి కింది పొరలోకి దిగిందని, అంటే టీ1 అని రాస్తే, సాధారణంగా కొన్ని వారాల్లో ఇంకోసారి లోపల చూసి గీకుతారు, ఏమైనా మిగిలిపోయిందేమోనని. అలా చెబితే మొదటిసారి సరిగ్గా చేయలేదని డాక్టర్ మీద అనుమానపడకండి, అది పద్ధతి. ఆ 12 ఏళ్లు వృథా అన్న ఆలోచనతో మళ్లీ మొదలుపెట్టే పని మాత్రం వద్దు. ఇలాంటి నిరాశలోనే చాలామంది పాత అలవాటుకి తిరిగిపోతారు.

ప్రశ్న: మా నాన్నగారు రోజుకి 20 తాగేవారు, గడ్డ తీశాక 4కి తగ్గించారు. అవి కూడా లైట్ సిగరెట్లే. మా తమ్ముడేమో పూర్తిగా ఈ-సిగరెట్‌కి మారిపొమ్మంటున్నాడు. పొగాకు నమిలితే పొగ ఉండదు కదా అని ఇంకొకరి సలహా. ఏది నయం?

20 నుంచి 4కి రావడం చిన్న పని కాదమ్మా, నాన్నగారిని మెచ్చుకోండి. కానీ అక్కడ ఆగిపోతే లాభం అంకెల్లో కనబడినంత ఉండదు. తగ్గించినవాళ్లు తెలియకుండానే ఒక్కో సిగరెట్‌ని చివరిదాకా లోతుగా పీల్చేస్తారు, ఒంటికి అలవాటైన నికోటిన్ ఎలాగోలా రాబట్టుకోవాలి కదా. లైట్ సిగరెట్లలో జరిగేదీ ఇదే, పేరు తప్ప వాటిలో తేలికైనదేమీ లేదు. బీడీ, చుట్ట, పైపు వీటికీ మినహాయింపు లేదు, కాలిన పొగాకు ఏదైనా ఒకటే.

ఈ-సిగరెట్‌లో పొగాకు కాలదు కాబట్టి చాలా విషాలు తక్కువే, అది ఒప్పుకోవాలి. కానీ వాడేవాళ్ల మూత్రంలో క్యాన్సర్ కారక రసాయనాల ఆనవాళ్లు దొరికాయి, పైగా మనం మాట్లాడుకుంటున్నది మూత్రం నిలవ ఉండే అవయవం గురించి. ఏళ్ల తరబడి వాడితే మూత్రాశయానికి ఏమవుతుందో తేల్చేంత కాలం ఇంకా గడవలేదు. గడ్డ తీసిన మూత్రాశయాన్ని ఆ ప్రయోగానికి ఇవ్వాల్సిన పనేముంది, పరీక్షకి నిలిచిన మందులు ఉండగా? నమిలే పొగాకు నోటికి, అన్నవాహికకి, క్లోమానికి క్యాన్సర్ తెస్తుంది, అది నయమైన దారి అని చెప్పినవాళ్ల మాట వినకండి.

ప్రశ్న: గడ్డ తీయించుకుని ఏడాదిన్నర, ఆరు వారాలు మూత్రాశయంలోకి బీసీజీ మందు కూడా వేయించుకున్నాను. సిగరెట్ ఆ రోజే మానేశాను, మళ్లీ ముట్టలేదు. ఇప్పటిదాకా చేసిన స్కోప్‌లన్నీ క్లీన్. ఆ గొట్టం పరీక్ష అంటే నాకు వారం ముందు నుంచే టెన్షన్, నిద్ర ఉండదు. సిగరెట్ మానేశాను కదా, ఇక స్కోప్ మానేయవచ్చా? స్కానింగ్‌తో సరిపెట్టుకోకూడదా?

మానేయకూడదు.

ఇంత కటువుగా చెప్పినందుకు ఏమీ అనుకోకండి, ఈ ఉత్తరాలన్నిటిలోకీ నాకు ఎక్కువ భయం వేసింది మీదాన్ని చూసే. సిగరెట్ మానడం ఒక పని, స్కోప్ చేయించుకోవడం వేరే పని. ఒకటి చేశాం కదా అని రెండోదానికి సెలవు ఇవ్వడానికి లేదు. మానడం కొత్త దెబ్బలు పడకుండా చూస్తుంది, పాత దెబ్బల్లోంచి ఏదైనా లేస్తే పట్టుకునేది స్కోపే. దీనికి తిరగేసిన రకం కూడా చూస్తుంటాను, "స్కోప్ క్లీన్‌గా వచ్చింది, పార్టీ" అని బయటికి రాగానే సిగరెట్ వెలిగించేవాళ్లు. రెండూ ఒకే పొరపాటు.

ఎన్నిసార్లు అన్నది మీ గడ్డ ఏ రకమన్నదాన్ని బట్టి. ముప్పు తక్కువ రకమైతే గడ్డ తీసిన 3 నెలలకి ఒకసారి, అది క్లీన్ అయితే ఏడాదికి, ఆ తర్వాత ఏటా ఒకటి చొప్పున 5 ఏళ్లు. ముప్పు ఎక్కువ రకమైతే మొదటి రెండేళ్లు 3 నెలలకోసారి, తర్వాత 5 ఏళ్లు నిండేదాకా 6 నెలలకోసారి, ఆపైన ఏటా. మీకు బీసీజీ వేశారంటే మీది అతి తక్కువ ముప్పు రకం కాకపోవచ్చు. మీ ఉత్తరంలో ఇంకో సంగతి నన్ను ఆపింది. బీసీజీ వారానికొకటి చొప్పున ఆరు వేశాక చాలామందికి అక్కడితో ఆపరు, 3 నెలలకి, 6 నెలలకి, ఆ తర్వాత 6 నెలలకోసారి మూడేసి డోసులు చొప్పున ఏడాది నుంచి మూడేళ్ల దాకా కొనసాగిస్తారు. మీకు ఎందుకు ఆపారో, అసలు ఆపారో లేక మీరే వెళ్లలేదో తెలియదు, డాక్టర్‌ని అడగండి. క్షయకి వేసే టీకా మందునే మూత్రాశయంలోకి ఎక్కించి, అక్కడి రోగనిరోధక శక్తిని తట్టిలేపే ఈ పద్ధతిని 1976లో కెనడా డాక్టర్ అల్వారో మొరాలెస్ బృందం ప్రకటించింది, యాభై ఏళ్లవుతున్నా దాన్ని పూర్తిగా పక్కకి నెట్టే మందు రాలేదు.

స్కానింగ్‌లో చిన్న గడ్డలు తప్పిపోతాయి, చదునుగా పరుచుకునే రకమైతే అసలు కనబడకపోవచ్చు. మూత్రంలో క్యాన్సర్ కణాల పరీక్ష స్కోప్‌కి తోడుగా పనికొస్తుంది, బదులుగా కాదు. నొప్పికి భయపడుతుంటే వంగే గొట్టంతో చేస్తారా అని ముందే అడగండి, మగవాళ్లకి దానితో బాధ చాలా తక్కువ, మత్తు జెల్లీ వేశాక కాస్త ఆగి మొదలుపెట్టమని కూడా చెప్పండి. టెన్షన్ ఫలితం గురించైతే, పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోండి, రోజంతా ఎదురుచూడాల్సిన బాధ తప్పుతుంది.

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. నేను సిగరెట్ ఎప్పుడూ తాగలేదు. మూత్రాశయ క్యాన్సర్ అని తెలిసిన దగ్గర్నుంచి ప్రతి డాక్టరూ, ప్రతి నర్సూ మొదట అడిగేది "స్మోక్ చేస్తారా" అనే. చివరికి మా బంధువులు కూడా నన్ను అనుమానంగా చూస్తున్నారు.

ఈ క్యాన్సర్లలో దాదాపు సగానికి సిగరెట్ కారణం. మిగతా సగం మాటేమిటి? రంగులు, రబ్బరు, తోలు, పెయింట్ల పనుల్లో రసాయనాలు, తాగే నీటిలో ఆర్సెనిక్, ఒకప్పుడు వేరే జబ్బుకి వాడిన సైక్లోఫాస్ఫమైడ్ మందు, కటి భాగానికి ఇచ్చిన రేడియేషన్, ఏళ్ల తరబడి పెట్టుకున్న మూత్రపు గొట్టం (కాథెటర్), ఇవేవీ లేకుండా ఊరికే వచ్చేవి కూడా. అడిగే డాక్టర్‌కి అది చికిత్స కోసం కావలసిన సమాచారం, మిమ్మల్ని నేరం ఒప్పుకోమనడం కాదు. బంధువులకి మాత్రం మీరు సంజాయిషీ ఇవ్వాల్సిన పని లేదు. ఆ మాటకొస్తే 40 ఏళ్లు సిగరెట్ తాగినవాళ్లు కూడా ఎవరికీ ఇవ్వక్కర్లేదు, అలవాటు ఊబి లాంటిదని దిగినవాళ్లకే తెలుసు. ఇంట్లో ఎవరైనా తాగుతుంటే బయటికి వెళ్లి తాగమనండి.

ఆడవాళ్లకి నేను చెప్పాలనుకునేది ఇంకోటుంది. మూత్రంలో రక్తం అనగానే ఇన్ఫెక్షన్ అనో నెలసరి తేడా అనో యాంటీబయాటిక్ రాసి పంపడం, తగ్గకపోతే ఇంకో కోర్సు రాయడం మామూలైపోయింది. అందుకే వాళ్లలో ఈ జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. కల్చర్ పరీక్షలో క్రిమి ఏదీ పెరగకపోయినా రక్తం పడుతూనే ఉంటే, మూడో కోర్సు మింగకుండా మూత్రవ్యాధుల డాక్టర్ (యూరాలజిస్ట్) దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మానాలని నాకూ ఉంది. నాలుగు రోజులకి మించి ఉండలేకపోతున్నాను. లేవగానే సిగరెట్ లేకపోతే చేతులాడవు. నికోటిన్ ప్యాచ్ వాడదామంటే, నికోటిన్ కూడా విషమే కదా, మూత్రాశయంలో గడ్డ తీయించుకున్నవాణ్ని, అది వాడవచ్చా?

వాడవచ్చు. మిమ్మల్ని సిగరెట్‌కి కట్టేసేది నికోటిన్, క్యాన్సర్ తెచ్చేది పొగలోని మిగతా సరుకు. ప్యాచ్‌లోనో గమ్‌లోనో నికోటిన్ మాత్రమే, కొలిచిన మోతాదులో వస్తుంది, మెల్లగా తగ్గించుకుంటూ పోతారు. దాన్ని చూసి భయపడి సిగరెట్ తాగుతూ కూర్చోవడంలో అర్థం లేదు. ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడిగి వాడాలి.

ప్యాచ్ రోజంతా ఒకే తీరుగా నికోటిన్ ఇస్తుంది, గమ్ ఉన్నట్టుండి మనసు లాగినప్పటికి. రెండూ కలిపి వాడితే ఒక్కటి వాడినదానికంటే ఫలితం బాగుంటుంది. గమ్‌తో తంటా ఏమిటంటే, దాన్ని చూయింగ్ గమ్‌లా నమిలేసి, గొంతు మండి, ఎక్కిళ్లొచ్చి, "నాకు పడలేదు" అని పారేస్తారు. మెల్లగా కొన్నిసార్లు నమలాలి, ఘాటు తగలగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టేయాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి, ఇలా అరగంట. నోట్లో ఉండగానూ, దానికి పావుగంట ముందూ కాఫీ, పళ్లరసం తాగకూడదు, పులుపుకి నికోటిన్ సరిగ్గా ఇంకదు. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కావాలంటే మీకు అలవాటు గట్టిగా ఉన్నట్టు, 2 మిల్లీగ్రాములది చాలదు, 4ది తీసుకోవాలి.

డాక్టర్ రాసిచ్చే మాత్రలు కూడా ఉన్నాయి. వరెనిక్లిన్ అనేది మానే తేదీ పెట్టుకుని దానికి వారం రెండు వారాల ముందు మొదలుపెట్టి, మొత్తం 12 వారాలు వాడతారు, సిగరెట్ తాగినా మునుపటి మజా లేకుండా చేస్తుంది. బుప్రోపియాన్ ఇంకోటి, ఫిట్స్ వచ్చినవాళ్లకి పనికిరాదు. మీకు కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే వరెనిక్లిన్ మోతాదు తగ్గించాలి, ఆ మాట డాక్టర్‌కి మీరే గుర్తుచేయండి.

నాలుగు రోజులు ఉండగలిగానన్నారు. అసలు గడ్డుకాలం రెండో రోజూ మూడో రోజే, మీరు దాన్ని ప్రతిసారీ దాటి మరీ వెనక్కి వస్తున్నారు! ఆ తర్వాత చిరాకు, నిద్ర పట్టకపోవడం రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. కోరిక లేచినప్పుడు కొద్ది నిమిషాలే ఉంటుంది, ఆ నిమిషాలు ఎక్కడికైనా నడవండి, ఎవరికైనా ఫోన్ చేయండి. కాఫీ సగానికి తగ్గించండి, ఎందుకంటే సిగరెట్ తాగేవాళ్ల ఒంట్లో కెఫీన్ త్వరగా కరిగిపోతుంది, మానగానే అదే కాఫీ రెట్టింపు పనిచేసి చేతులు వణికిస్తుంది, దాన్ని సిగరెట్ లేని బాధ అనుకుంటారు. ఆస్తమాకి థియోఫిలిన్ లాంటి మాత్రలు వాడుతుంటే మానే ముందే డాక్టర్‌కి చెప్పాలి, వాటి మోతాదూ ఇలాగే మారుతుంది. కొన్ని వారాలు దగ్గు పెరగవచ్చు, నాలుగైదు కిలోలు బరువు పెరగవచ్చు. ఒక సిగరెట్ తప్పి తాగితే మర్నాటి నుంచి ప్యాచ్ మానకండి, కొనసాగించండి.

ప్రశ్న: నీళ్లు బాగా తాగితే ఆ విషాలన్నీ కడుక్కుపోతాయని విన్నాను. అప్పుడు రోజుకి రెండు సిగరెట్లు పర్లేదా?

నీళ్లు తాగండి, మూత్రం ఆపుకోకుండా వెళ్లండి, మంచిదే. నీళ్లు ఎక్కువ తాగితే ఈ క్యాన్సర్ తగ్గుతుందా అన్నదానిపై అధ్యయనాల ఫలితాలు అటూ ఇటూగా ఉన్నాయి. రెండు సిగరెట్లకి మాత్రం అనుమతి పత్రం నా దగ్గర దొరకదు. బీసీజీ వేయించుకునే రోజు వేరే లెక్క, దానికి ముందు నాలుగు గంటలు నీళ్లు తగ్గించమంటారు, మందు పలచబడకుండా, లోపల రెండు గంటలు నిలబడేలా.

ప్రశ్న: నాకు క్యాన్సర్ ఏమీ లేదు. రోజుకి పది సిగరెట్లు తాగుతాను, వయసు 54. నెల కిందట ఒక్కసారి మూత్రం ఎర్రగా వచ్చింది, నొప్పి లేదు, మర్నాటికి మామూలైపోయింది. గుండెకి రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నాను, దాని వల్లేనని మా ఇంట్లో అంటున్నారు. మళ్లీ వస్తే చూపించుకుందామనుకుంటున్నాను.

మళ్లీ వచ్చేదాకా ఆగకండి. నొప్పి లేకుండా ఒక్కసారి కనబడి మాయమైపోవడం ఈ జబ్బు మొదటి లక్షణాల్లో అన్నిటికంటే మామూలుది, గడ్డ ఉన్నా రోజూ రక్తం పడాలని లేదు. మాత్ర వల్ల రక్తం ఎక్కువ పడవచ్చు, కానీ ఏ కారణమూ లేనిచోట మాత్ర ఒక్కటే రక్తం రప్పించిందని పరీక్షలు చేయకుండా అనుకోకూడదు. ఆ మాత్ర మీ అంతట మీరు ఆపవద్దు కూడా. 54 ఏళ్ల వయసు, పది సిగరెట్లు, కంటికి కనబడిన రక్తం, ఈ మూడూ కలిస్తే యూరాలజిస్ట్ స్కోప్, సీటీ స్కాన్ రెండూ చేయిస్తారు. ఈ వారంలోనే వెళ్లండి, రిపోర్టు ఏమొచ్చిందో రాయండి.